సోలెడు ఉప్పంటే ఎంత?

* వంట పుస్తకాల్లో పాత కొలతలు.. వంటింట్లో కొత్త చిక్కులు
* అచ్చుకు నోచుకోని జొన్న రొట్టె, అడవి ఆకుకూర

నూజివీడు: మామిడి కాయల కాలం వచ్చిందంటే నూజివీడు ప్రాంతంలో ఇంటింటా ఆవకాయ ప్రయత్నాలు మొదలవుతాయి. జాడీలు కడిగి ఎండబెట్టడం, ఆవాలు దంచడం, కాయలు కొట్టించడంతో లోగిళ్లు సందడిగా మారతాయి. పూర్వం సందేహం కలిగితే తీర్చడానికి ఇంట్లో పెద్దావిడ ఉండేది. ఉమ్మడి కుటుంబాలు విడిపోయి, పిల్లలు చదువులకు, కొలువులకు దూర ప్రాంతాలకు తరలిపోయాక ఆమె స్థానాన్ని వంట పుస్తకం తీసుకుంది. అయితే పుస్తకంలోని కొలతను తు.చ. తప్పక పాటించినా పచ్చడి కుదరని సందర్భాలు ఎదురవుతుంటాయి. ఇందుకు చేతివాటాన్ని నిందించడం పరిపాటి. నిజానికి చిక్కు చాలావరకు కొలతల్లోనే ఉంది.

కావ్యాల్లో విస్తరి

మన పూర్వుల ఆహారం గురించిన వివరాలు కావ్యాల్లో పుష్కలంగా లభిస్తాయి. వినుకొండ వల్లభరాయుని పేర ఉన్న 'క్రీడాభిరామం'లో ఓరుగల్లు పూటకూళ్ల ఇంట ఒక్క రూకకు మేలురకం అన్నం, గోధుమపిండి వంట, పెసరపప్పు, అప్పుడే కాచిన నెయ్యి, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగుతో భోజనం పెట్టేవారన్న వర్ణన ఉంది. శ్రీకృష్ణదేవరాయల 'ఆముక్తమాల్యద'లో విష్ణుచిత్తుడు అతిథులకు ఏ రుతువులో ఏమి వడ్డించేవాడో కనిపిస్తుంది. ఈ ఆధారాలతోనే సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో నాటి భోజన విశేషాలను వివరించారు. ఆ గ్రంథానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

పద్ధతి చెప్పే గ్రంథాలు అంతకన్నా అరుదు. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో సంస్కృతంలో రచించిన 'మానసోల్లాసం' వాటిలో ప్రముఖమైనది. అందులోని అన్నభోగ ప్రకరణం రాజుగారి వంటశాల వంటకాలను వివరిస్తుంది. రాజుల వంటలు గ్రంథస్థమయ్యాయి. సామాన్యుల వంట మాత్రం తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి నోటి మాటగానే సాగింది.

నూజివీడు ఆడపడుచు రచన

స్వాతంత్ర్యానంతరం ఈ పరిస్థితి మారింది. పెళ్లయి కొత్త ఊళ్లకు వెళ్లే యువతుల కోసం వంట పుస్తకాలు అచ్చయ్యాయి. తమిళంలో మీనాక్షి అమ్మాళ్ 1951లో వెలువరించిన 'సమైత్తుప్పార్' ఇందుకు నిదర్శనం. తెలుగులో ఆ లోటును తీర్చిన వారిలో మాలతీ చందూర్ ముఖ్యులు. నూజివీడులో జన్మించి మద్రాసులో స్థిరపడిన ఆమె ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షికను దశాబ్దాల పాటు నిర్వహించారు. 'హృదయనేత్రి' నవలకు 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. ఆమె రచించిన 'వంటలు - పిండివంటలు' అనేక ముద్రణలు పొంది తెలుగిళ్లలో స్థానం సంపాదించుకుంది. ఆమె 2013లో కన్నుమూశారు.

గిద్ద, సోల, వీశె

పాత పుస్తకాలలోనూ, పెద్దల నోట్లోనూ నలిగిన కొలతలు నేటి తరానికి అపరిచితం. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. తూకంలో పలం అంటే మూడు తులాలు, సుమారు 35 గ్రాములు. వీశె అంటే 120 తులాలు, సుమారు 1,400 గ్రాములు. 1956లో చట్టం చేసి, 1958 అక్టోబరు నుంచి దేశమంతటా దశలవారీగా మెట్రిక్ కొలతలను అమలులోకి తెచ్చారు. అంగడిలో కిలో వచ్చింది కానీ వంటింట్లో సోల, గిద్ద చాలాకాలం నిలిచాయి.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. వీశె ముక్కలకు చెప్పిన ఉప్పును కిలో ముక్కలకు వేస్తే పచ్చడి ఉప్పుకషాయమవుతుంది. కొలత సరిగా తీసుకున్నా ఉప్పు రకం మారితే ఫలితం మారుతుంది. గళ్లుప్పును సోలలో పోసినప్పుడు గడ్డల నడుమ ఖాళీ మిగులుతుంది. మెత్తని పొడి ఉప్పు ఆ ఖాళీని నింపుతుంది. అందువల్ల అదే సోల పొడి ఉప్పు ఎక్కువ బరువు తూగుతుంది. ఉప్పును దంచి కొలవాలో, దంచక ముందు కొలవాలో చెప్పని పుస్తకం వల్ల ఏడాది పచ్చడి నష్టపోయే ప్రమాదం ఉంది.

ఎక్కువవుతుందన్న భయంతో తగ్గించినా ముప్పే. ఊరగాయలో ఉప్పు రుచికి మాత్రమే కాదు. ముక్కలోని నీటిని బయటకు లాగి, కుళ్లబెట్టే సూక్ష్మజీవులు పెరగకుండా నిరోధించేది అదే. పైన తేలే నూనె గాలి తగలకుండా కాపాడుతుంది. ఈ రెంటిలో ఏది తగ్గినా బూజు పడుతుంది. కారం సంగతీ అంతే. మిరప రకాన్ని బట్టి ఘాటు మారుతుంది కనుక రకం పేరు చెప్పని కొలత అసంపూర్ణమే. కొలతను సోలలకు బదులు గ్రాముల్లో రాసుకుంటే ఈ ఇబ్బందులు చాలావరకు తొలగుతాయి.

అచ్చులో లేని కూడు

కొలతలను మించిన లోపం మరొకటి ఉంది. చదువుకున్న కుటుంబాల వంటే ఎక్కువగా పుస్తకాలకెక్కింది. వరి అన్నం, పండుగ పిండివంటలు, ఊరగాయలు విపులంగా ఉంటాయి. జొన్న రొట్టె, రాగి సంగటి, అంబలి, ఎండు చేపల పులుసు, బోటి కూరకు అంతటి చోటు దక్కలేదు. పొలం గట్లపై వాటంతటవే మొలిచే తుమ్మి కూర, గంగవావిలి కూర, పొన్నగంటి కూరలను కూలి పనుల నుంచి వస్తూ కోసుకొచ్చి వండే విధానం ఆ ఇళ్లలోని వృద్ధ మహిళలకే తెలుసు. వారితోపాటే ఆ పరిజ్ఞానం కనుమరుగయ్యే ప్రమాదం పొంచి ఉంది.

పొరుగున మహారాష్ట్రలో ఈ దిశగా ప్రయత్నం జరిగింది. మరాఠ్వాడా దళితుల వంటలపై షాహూ పాటోళే 2015లో మరాఠీలో పుస్తకం ప్రచురించగా, 2024లో అది ఆంగ్లంలోకి అనువాదమైంది. తెలంగాణలోని జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు చిరుధాన్యాల విత్తనాలను కాపాడుకుంటూ వచ్చారు. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక కొర్రలు, సామలకు పట్టణాల్లో ఆదరణ పెరిగింది. ఒకనాడు పేదల కూడుగా చిన్నచూపు చూసిన ధాన్యానికి గౌరవం దక్కింది. దానిని తరతరాలుగా వండిన చేతులకు కూడా ఆ గుర్తింపు దక్కవలసి ఉంది.

రాసుకోవలసినవి ఇవీ..

ఇంటి వంటను భద్రపరచడానికి పెద్ద ఖర్చేమీ అవసరం లేదు. ఒక నోటు పుస్తకం, చిన్న కాటా చాలు. పెద్దావిడ వండుతున్నప్పుడు పక్కన కూర్చుని, ఆమె తీసిన గుప్పెడు ఉప్పును గిన్నెలో వేసే ముందు తూచి గ్రాముల్లో రాసుకోవాలి. ఉప్పు గళ్లదా, పొడిదా, మిరప ఏ రకం, నూనె ఏది, ఏ నెలలో పెట్టారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్న వివరాలు చేర్చాలి. 'తగినంత' అని ఆమె అన్నచోట ఎంతో అడిగి తెలుసుకోవాలి. వంటకాన్ని ఆ ఇంట ఏ పేరుతో పిలుస్తారో అదే పేరు రాయాలి. ఆమె చేయి ఆడుతున్నప్పుడే ఈ పని పూర్తిచేసుకోవడం శ్రేయస్కరం.