పాత కారు ఇంజన్‌లో కూలెంట్ కారుతోందా? ఇంటి దగ్గరే సరిచేసుకునే విధానం

మామిడి కోతలు సాగే ఏప్రిల్, మే నెలల్లో బనగానపల్లె ప్రాంతంలో పాత కార్లకు, జీపులకు తీరిక ఉండదు. తోటకు కూలీలను తీసుకెళ్లాలి, కాయల పెట్టెలను నంద్యాలకో కర్నూలుకో చేర్చాలి. ఎండ 40 డిగ్రీలు దాటే ఈ రోజుల్లోనే రేడియేటర్‌లో నీళ్లు తగ్గిపోవడం, ఇంజన్ వేడెక్కి బండి దారిలో ఆగిపోవడం ఎక్కువగా జరుగుతుంది. చాలామంది రోజూ ఉదయం ఒక సీసా బోరు నీళ్లు పోసి బండి తీస్తుంటారు. కొన్నాళ్లు అలాగే నడుస్తుంది. ఒక్కరోజు చూడటం మరిచిపోతే మాత్రం ఇంజన్ హెడ్ వంగుతుంది, గ్యాస్కెట్ కాలుతుంది. వందల రూపాయల గొట్టంతో పోయే పని వేల రూపాయల ఇంజన్ పని అవుతుంది.

అందువల్ల నీళ్లు తగ్గుతుంటే పోస్తూ పోవడం పరిష్కారం కాదు. ఎక్కడ కారుతోందో కనుక్కోవడమే మొదటి పని.

కూలెంట్ చేసే పని

ఇంజన్ చుట్టూ తిరిగి వేడిని రేడియేటర్‌కు చేర్చేదే కూలెంట్. ఇందులో నీరు, గ్లైకాల్, తుప్పు పట్టకుండా కాపాడే మందులు కలిసి ఉంటాయి. మామూలు నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. రేడియేటర్ మూత లోపల ఒత్తిడిని నిలిపి ఉంచడం వల్ల ఆ మరిగే స్థాయి పెరుగుతుంది. 0.9 అని అచ్చు వేసిన మూత బాగా ఉంటే నీరు సుమారు 118 డిగ్రీల వరకు మరగదు. గ్లైకాల్ సగం కలిస్తే ఇంకా పైకి వెళ్తుంది. ఎక్కడైనా కారితే నీటితో పాటు ఈ ఒత్తిడి కూడా పోతుంది. అందుకే చిన్న చెమ్మ కనబడినా పట్టించుకోవాలి.

మన బోరు నీరు ఎందుకు పోయకూడదు

బనగానపల్లె, కొలిమిగుండ్ల, బేతంచెర్ల చుట్టూ భూమిలో సున్నపురాయి ఎక్కువ. నాపరాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడ ఉండటానికి కారణం అదే. కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు నీరు సున్నపురాయిని కరిగించడం వల్ల ఏర్పడినవే. అలా కరిగిన సున్నం మన బోరు నీటిలోనూ ఉంటుంది. ఆ నీటిని కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. డ్రిప్ పైపుల రంధ్రాలు మూసుకుపోవడం కూడా రైతులకు తెలిసిందే. రేడియేటర్ లోపలి సన్నని గొట్టాల్లో జరిగేదీ ఇదే. పొర కట్టేకొద్దీ గాలికి వేడి వదలడం తగ్గుతుంది. మందులు లేని నీటితో లోపల తుప్పు పట్టి కొత్త చోట్ల కారడం మొదలవుతుంది.

కూలెంట్‌లో కలపడానికి బ్యాటరీలకు వాడే డిస్టిల్డ్ వాటర్ కొనండి. అత్యవసరంలో ఆర్‌ఓ ప్లాంటు నీరు బోరు నీటికన్నా మేలు.

మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

• ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయకూడదు. లోపలి నీరు ఆవిరితో సహా ముఖం మీదికి, చేతుల మీదికి ఎగజిమ్ముతుంది. రాత్రంతా ఆగిన బండి మీద ఉదయం పని మొదలుపెట్టడం మంచిది.
• కరెంటు ఫ్యాన్ ఉన్న కార్లలో తాళం తీసినా ఫ్యాన్ తిరగవచ్చు. ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగను విప్పండి.
• బండి కిందికి దూరాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మకండి. నాపరాళ్లు పేర్చి ఆనించకండి, అవి బరువుకు ఒక్కసారిగా పగులుతాయి. గట్టి ఇనుప స్టాండులు వాడండి, చక్రాల కింద అడ్డం పెట్టండి.
• కూలెంట్ విషం. రుచి తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు, దూడలు, చిన్నపిల్లలు తాగే ప్రమాదం ఉంది. తీసిన కూలెంట్‌ను మూత ఉన్న డబ్బాలోనే ఉంచండి, తాగునీటి సీసాల్లో పోయకండి. ఎవరైనా తాగితే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఎక్కడ కారుతోందో కనుక్కోవడం

1. రాత్రి బండి నిలిపిన చోట ఇంజన్ కింద ఒక పెద్ద అట్ట పరవండి. ఉదయం మరక ఎక్కడ పడిందో చూడండి. ఏసీ వాడిన తరువాత ఎడమ వైపు పడే రంగులేని నీరు మామూలే. రంగు, జిగురు, తియ్యటి వాసన ఉంటే కూలెంట్.
2. మరకకు నేరుగా పైనే కాకుండా ఇంకా పైకి వెతకండి. కూలెంట్ ఒకచోట కారి గొట్టాల మీదుగా జారి వేరేచోట పడుతుంది.
3. పాత కారుడు ఎండిన చోట తెల్లటి, పచ్చటి లేదా తుప్పు రంగు పొర ఉంటుంది. టార్చిలైటుతో ఈ చోట్లు వరుసగా చూడండి: పై గొట్టం, కింది గొట్టం, వాటి క్లాంపులు, హీటర్ గొట్టాలు, రేడియేటర్ పక్కల అతుకులు, థర్మోస్టాట్ మూత, వాటర్ పంపు, ఓవర్‌ఫ్లో డబ్బా.
4. చల్లగా ఉన్నప్పుడు గొట్టాలను చేత్తో నొక్కండి. మెత్తగా ఉబ్బినా, గట్టిపడి పగుళ్లు కనిపించినా మార్చాల్సిందే.
5. మూత లోపలి రబ్బరు చూడండి. చిట్లినా, గట్టిపడినా అదే నంబరు ఉన్న కొత్త మూత వేయండి. ఎక్కువ నంబరు మూత వేస్తే పాత గొట్టాలు పగులుతాయి.
6. ఏమీ కనబడకపోతే మెకానిక్ దగ్గర ప్రెషర్ టెస్టరుతో పరీక్ష చేయించండి. ఇంజన్ చల్లగా ఉండగానే లోపలికి ఒత్తిడి పంపుతారు, కారే చోటు బయటపడుతుంది.

ఇంటి దగ్గర చేయదగినవి, చేయకూడనివి

మూత, గొట్టాలు, క్లాంపులు, ఓవర్‌ఫ్లో డబ్బా మార్చడం ఇంటి దగ్గర చేసుకోవచ్చు. స్పానర్ పట్టిన అనుభవం ఉన్నవారు థర్మోస్టాట్ ప్యాకింగ్ కూడా మార్చుకోవచ్చు.

రేడియేటర్‌కే చిల్లు పడితే అది ఏ లోహమో చూడండి. పాత జీపులు, అంబాసిడర్లు, ట్రాక్టర్లలోని రాగి, ఇత్తడి రేడియేటర్లకు రేడియేటర్ పనివారు మాటు వేస్తారు. అల్యూమినియానికి ప్లాస్టిక్ ట్యాంకు బిగించిన రేడియేటర్ అతుకు దగ్గర కారితే మార్చడమే మేలు. వాటర్ పంపు కింది చిన్న రంధ్రం నుంచి చుక్కలు పడుతుంటే పంపు సీలు పోయినట్టు. చాలా కార్లలో ఈ పంపు టైమింగ్ బెల్టుతో ముడిపడి ఉంటుంది కాబట్టి మెకానిక్‌కే వదిలేయండి.

గొట్టం మార్చే విధానం

1. ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాక మూత తీసి, కింద శుభ్రమైన బేసిన్ పెట్టి కూలెంట్ దించండి. పాత రేడియేటర్ల డ్రెయిన్ ప్లగ్గు విరిగే అవకాశం ఉంది. అది కదలకపోతే బలవంతం చేయకుండా కింది గొట్టం క్లాంపు వదులు చేసి దించండి.
2. పాత గొట్టాన్ని స్క్రూడ్రైవరుతో తిప్పి లాగకండి, రేడియేటర్ మెడ పగులుతుంది. గొట్టాన్ని పొడవునా బ్లేడుతో కోసి ఒలిచి తీయండి. బ్లేడు మెడకు తగలకూడదు.
3. మెడ మీది సున్నం, తుప్పు సన్నని ఎమెరీ కాగితంతో తుడవండి. ప్లాస్టిక్ మెడ అయితే గుడ్డ చాలు.
4. పాత గొట్టాన్ని దుకాణానికి తీసుకెళ్లి అదే వంపు, అదే లావు ఉన్నది తీసుకోండి. కింది గొట్టంలో స్ప్రింగ్ ఉంటే కొత్తదానిలోనూ ఉండాలి. లేకపోతే పంపు లాగినప్పుడు గొట్టం లోపలికి ముడుచుకుంటుంది.
5. క్లాంపులను ముందుగా గొట్టానికి తొడిగి, మెడను కూలెంట్‌తో తడిపి గొట్టం ఎక్కించండి. గ్రీజు, ఇంజన్ ఆయిల్ వాడకండి, అవి రబ్బరును తింటాయి.
6. మెడ మీది ఉబ్బు దాటాక, గొట్టం అంచు నుంచి అర సెంటీమీటరు లోపల క్లాంపు ఉండాలి. గొట్టం కదలకుండా బిగిస్తే చాలు. మరీ బిగిస్తే తెగుతుంది. క్లాంపు బదులు తీగ చుట్టడం సరిపోదు.

దించిన నీరు తుప్పు రంగులో ఉంటే డిస్టిల్డ్ వాటర్ నింపి ఇంజన్‌ను వేడెక్కనిచ్చి, మళ్లీ చల్లార్చి దించండి. నీరు తేటగా వచ్చేవరకు ఇలా చేయండి. డ్రిప్ పైపుల కోసం తెచ్చిన యాసిడ్‌ను రేడియేటర్‌లో పోయకూడదు. అది అల్యూమినియాన్ని తినేస్తుంది.

కూలెంట్ నింపడం, గాలి తీయడం

మీ బండి పుస్తకంలో చెప్పిన రకం కూలెంట్ వాడండి. రంగు ఒకటైనంత మాత్రాన రకం ఒకటి కాదు. రెండు రకాలు కలపకండి. చిక్కటి కూలెంట్ అయితే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపాలి. కలిపి అమ్మేదానిలో మళ్లీ నీరు పోయకూడదు.

మెల్లగా నింపి, బ్యాటరీ తీగ తగిలించి, మూత తీసే ఉంచి ఇంజన్ స్టార్ట్ చేయండి. హీటర్ ఉంటే పూర్తి వేడిలో పెట్టండి. లోపలి గాలి బుడగలుగా వచ్చి మట్టం తగ్గుతుంది, కొంచెం కొంచెం పోస్తూ ఉండండి. పై గొట్టం ఒక్కసారిగా వేడెక్కితే థర్మోస్టాట్ తెరుచుకున్నట్టు. బుడగలు ఆగాక మూత బిగించండి. కూలెంట్ పొంగి వస్తుంటే ఇంజన్ ఆపి దూరంగా ఉండండి. చల్లబడ్డాక ఓవర్‌ఫ్లో డబ్బాను రెండు గీతల మధ్యకు నింపండి. తరువాతి మూడు రోజులు ఉదయం మట్టం చూడండి. అట్ట కూడా పరవండి.

గ్యాస్కెట్ పోయిందని చెప్పే గుర్తులు

• బయట ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గుతుంది.
• ఇంజన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగదు.
• ఆయిల్ పుల్ల మీద లేదా ఆయిల్ మూత కింద పాలు కలిసిన టీ రంగు కనిపిస్తుంది.
• గాలి తీయడం పూర్తయిన తరువాత కూడా, చల్లటి ఇంజన్‌ను మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండా వస్తాయి.

ఈ గుర్తులు ఉంటే బండి నడపకండి. ఆయిల్‌లో నీరు కలిస్తే బేరింగులు కూడా పోతాయి. మెకానిక్‌ను పిలిపించండి.

పసుపు, ఎం-సీల్ సంగతి

రేడియేటర్‌లో పసుపు పొడి వేస్తే కారడం ఆగుతుందని డ్రైవర్లు చెబుతారు. సన్నని చిల్లు దగ్గర పొడి ఉబ్బి అడ్డుపడటం నిజమే. కానీ ఆ పొడి మంచి గొట్టాల్లోనూ అడ్డుపడుతుంది. అసలే సున్నం పట్టిన రేడియేటర్‌కు ఇది ఇంకా చేటు. దుకాణాల్లో దొరికే లీక్ ఆపే పొడులకూ ఇదే వర్తిస్తుంది. ఎం-సీల్, గొట్టానికి చుట్టిన సైకిల్ ట్యూబు ముక్క కూడా ఇల్లు చేరడానికే. అలా చేరినవారు ఆ వారంలోనే అసలు మరమ్మతు చేయించి, లోపల శుభ్రం చేయించాలి.

దారిలో ఇంజన్ వేడెక్కితే

సూచిక ముల్లు ఎరుపు వైపు వెళ్తుంటే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా పెట్టి, వెంటనే పక్కకు ఆపండి. హీటర్ ఇంజన్ వేడిని కొంత లాగేస్తుంది. నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్లే నల్లమల ఘాట్ వంటి ఎత్తు దారిలో, నిండు బరువుతో ‘ఇంకొంచెం దూరమే కదా’ అని నడపకండి. ఇంజన్ ఆపి కనీసం అరగంట ఆగండి. పై గొట్టం చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడితేనే, మూత మీద మందపాటి గుడ్డ వేసి, మొదటి మెట్టు వరకు తిప్పి ఆవిరి పోనివ్వండి. వేడి ఇంజన్‌లో గానీ, దాని మీద గానీ చల్లటి నీళ్లు పోయకండి, హెడ్ పగులుతుంది. ఇల్లు చేరడానికి దొరికిన నీళ్లు పోసుకోవచ్చు. ఇంటికొచ్చాక ఆ నీళ్లు దించేసి కూలెంట్ నింపండి.

గుర్తుంచుకోవలసినవి

వారానికోసారి చల్లటి ఇంజన్‌లో మట్టం చూడండి. పాతరకం పచ్చ కూలెంట్‌ను రెండేళ్లకోసారి మార్చండి. గొట్టాలను, మూతను కోతలు మొదలవకముందే, అంటే మార్చిలోనే పరీక్షించండి. పాత కూలెంట్‌ను కాలువలో, పొలంలో, పశువుల తొట్టి దగ్గర పారబోయకండి. డబ్బాలో పోసి, సేకరించే సర్వీసు సెంటరుకు ఇవ్వండి. పొలంలోని ట్రాక్టరుకు, డీజిల్ ఇంజన్‌కు కూడా ఈ జాగ్రత్తలే పాటించండి. కారే చోటు కనబడిన రోజే బాగుచేసుకుంటే కోతల నడుమ బండి ఆగే పరిస్థితి రాదు.