పగటి దీపాలు, వెనుక చీకటి

పట్టపగలు దీపం పెట్టుకు తిరిగేవాణ్ణి చూసి నవ్వే రోజులు పోయాయి. స్కూటరు మీద పోతూంటే ఎదురుగా వచ్చే పుణ్యాత్ములు గుప్పిట మూసి తెరచి, “లైటు ఆర్పవయ్యా!” అని సైగ చేయడం నేటికీ చూస్తూనే వున్నాము. ఆర్పడానికి అక్కడ స్విచ్చి వుంటే గదా! మన దేశంలో 2017 ఏప్రిల్ 1 నుంచి, కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజను నడిచినంతసేపూ ముందు దీపం వెలుగుతూ వుండాలని నిబంధన వచ్చింది. ఇప్పుడు చాలా కొత్త కార్లకు కూడా పగటి దీపాలు వుంటున్నాయి.

ఈ దీపం మనం దారి చూసుకోవడానికి కాదు; మనం ఇతరులకు కనబడడానికి. సూర్యుడు దిగువనే వుండి చలికాలమంతా మసకగా వుండే ఉత్తర దేశాలలో ఈ ఆచారం పుట్టింది. ఫిన్లండులో 1972లో ఊళ్ళ వెలుపలి రోడ్ల మీద చలికాలంలో పగలు కూడా దీపాలు వేయాలన్నారు. స్వీడన్ 1977లో ఏడాది పొడవునా వేయాలన్నది. 1989 డిసెంబరు నుంచి కెనడాలోని కొత్త కార్లకు, 2011 ఫిబ్రవరి నుంచి యూరపులో వచ్చే కొత్త రకం కార్లకు పగటి దీపాలు తప్పనిసరి అయినాయి. హెడ్‌లైటులోని పాతకాలపు హాలొజన్ బల్బు ఒక్కొక్కటి 55 వాట్లు తింటుంది. నేటి ఎల్.ఇ.డి. పగటి దీపానికి అందులో కొద్ది భాగం చాలు.

ఇంతవరకు బాగానే వున్నది. చిక్కంతా వెనుకవైపున. చాలా కార్లలో పగటి దీపాలు వెలిగినప్పుడు వెనుక ఎర్ర దీపాలు వెలగవు. వెనకటి కార్లలో దీపాలు వేస్తేనే డాష్‌బోర్డు వెలిగేది. ఇప్పుడది ఎప్పుడూ వెలుగుతూనే వుంటుంది. మునిచీకటి వేళ డ్రైవరుకు ఎదుట కాస్త వెలుగు కనబడుతుంది, మీటర్లు కనబడతాయి. దీపాలన్నీ వున్నాయనుకుంటాడు. వెనుకనుంచి వచ్చే లారీవానికి మాత్రం ముందు నల్లని రోడ్డే తప్ప కారు కనబడదు. కెనడావారు ఇటువంటి వాటిని దయ్యపు బండ్లన్నారు. 2021 సెప్టెంబరు నుంచి తయారయే కొత్త కార్లకు మూడు మార్గాలలో ఏదో ఒకటి వుండాలన్నారు: పగటి దీపాలతోబాటు వెనుక దీపాలు వెలగడం, చీకటి పడగానే దీపాలన్నీ వాటంతటవే వెలగడం, లేదా దీపాలు వేసేదాకా డాష్‌బోర్డు చీకటిగా వుండి డ్రైవరును హెచ్చరించడం.

“మా కారుకు ఆటో వున్నది, మాకేం భయం?” అనవచ్చు. ఆటో అంటే ఏమిటో కూడా చూద్దాం. ముందు అద్దం లోపల, సాధారణంగా నడిమి అద్దం వెనుకనో డాష్‌బోర్డు మీదనో, చిన్న కన్ను వంటి పరికరం వుంటుంది. దాని మీద పడే వెలుగు తగ్గితే దానినుంచి వచ్చే విద్యుత్తు తగ్గుతుంది. అప్పుడు హెడ్‌లైట్లు, వెనుక దీపాలు కలిసి వెలుగుతాయి. చెట్టు నీడ పడ్డప్పుడల్లా మిణుకుమనకుండా అది కొన్ని క్షణాలు ఆగి చూస్తుంది కూడా. అయితే ఆ కంటికి తెలిసేది వెలుగెంత వున్నదన్నదే. చూపు ఎంతదూరం ఆనుతున్నదో దానికి తెలియదు. ఉదయం పొగమంచు తెల్లగా, కాంతిగా వుంటుంది. ఇరవై గజాల అవతల ఏమీ కనబడకపోయినా, “పగలే గదా” అని ఆ కన్ను వూరుకోవచ్చు. పగటి వానలోనూ అంతే. వైపరు వేస్తే దీపాలు వెలిగే ఏర్పాటు కొన్ని కార్లకే వున్నది.

సంక్రాంతికి తెల్లవారకముందే పిల్లాపాపలతో బయలుదేరి చెన్నైనుంచి నెల్లూరు వైపుకో, బెంగుళూరునుంచి అనంతపురం వైపుకో పోయే కుటుంబాలు మనలో ఎన్నో వున్నాయి. వారికి మా మనవి ఇది. మంచు గాని వాన గాని పట్టగానే ఆటోను నమ్ముకోక, చేత్తో మీట తిప్పి హెడ్‌లైట్లు డిప్పులో వేయండి. పై లైటు వేస్తే మంచు మీద పడి మన కళ్ళకే తిరిగి కొడుతుంది. ఆ చిన్న కన్నుకు అడ్డంగా దేవుని బొమ్మ గాని, అపార్టుమెంటు చీటీ గాని అంటించకండి.

ప్రయాణానికి ముందురోజు సాయంత్రం ఒక పరీక్ష చేయండి. ఒకరు కారులో కూర్చుని ఇంజను వేసి మీటను ఒక్కొక్క గుర్తుకూ తిప్పాలి. ఇంకొకరు వెనుక పక్కగా నిలబడి ఎర్ర దీపాలు ఏ గుర్తు దగ్గర వెలుగుతున్నవో చెప్పాలి. అయిదు నిమిషాల పని. తాతగారు చెప్పినా, మనుమరాలు చెప్పినా సరే, ఆ సమాధానం బండి నడిపేవారందరికీ తెలిసి వుండాలి.