మంచిర్యాల గనుల ప్రాంతంలో ఇంటి ముంగిట పూలమళ్ళు

మంచిర్యాల, శ్రీరాంపూర్, మందమర్రి వంటి సింగరేణి ప్రాంతాలలో ఖాళీ ముంగిలిని పూలతోటగా మార్చడానికి అవరోధాలు రెండు: వేసవిలో 45 డిగ్రీల సెల్సియస్‌ దాకా చేరే ఎండ, ఆకులపై పేరుకునే బొగ్గు ధూళి. ధూళి వల్ల ఆకుకు వెలుతురు తగ్గి, పత్రరంధ్రాలు మూసుకుపోయి మొక్క ఎదుగుదల మందగిస్తుంది. కనుక ఏ మొక్క ఎక్కడ ఉండాలన్నది ముందుగా నిర్ణయించుకోవాలి.

రోడ్డు వైపు మందార, కాగితపు పూల మొక్కలను ధూళికి అడ్డుగా నాటుకోవాలి. 45 సెం.మీ. పొడవు, వెడల్పు, లోతు గల గుంతలు తీసి, పైమట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపాలి. గన్నేరు ఎండను తట్టుకున్నప్పటికీ దాని అన్ని భాగాలూ విషపూరితం. పిల్లలు, పశువులు తిరిగే చోట నాటరాదు.

పొదలకు లోపలి వైపు బంతి, గునుగు మళ్ళు వేసుకోవాలి. బతుకమ్మ నాటికి పూలు అందాలంటే జూన్‌ మధ్యలో బంతి నారు పోసి, జూలై మధ్యలో వరుసల మధ్య 40, మొక్కల మధ్య 30 సెం.మీ. దూరంలో నాటాలి. నాటిన నెలకు తల తుంచితే పక్క కొమ్మలు వచ్చి పూలు పెరుగుతాయి. గునుగు విత్తనం సన్నం కనుక ఇసుకతో కలిపి చల్లాలి. వర్షాలు లేని రోజుల్లో ఉదయం వేళ ఆకులను నీటితో కడగాలి.

పండుగ తరువాత కొన్ని గునుగు కంకులను ఎండనిస్తే మరుసటి తొలకరికి విత్తనం ముంగిటనే లభిస్తుంది.