చలి మొదట్లో మల్బరీ తోటలో ఏ రెక్కల పురుగు ఏది?

వానలు తగ్గి చలి మొదలయ్యే ఈ రోజుల్లో మా అత్తిబెలె వైపు తోటల్లో రాత్రి లైటు వేస్తే చాలు, రెక్కల పురుగులు ముసురుతాయి. అన్నీ మనకు శత్రువులు కావు. ఈ మూడింటిని మాత్రం గుర్తుపట్టాలి.

1. ఆకుముడత పురుగు: రెక్కల మీద తెలుపు, గోధుమ పట్టీలున్న చిన్న పురుగు. 1990ల నుంచి కర్ణాటక మల్బరీకి ఇది పెద్ద బెడద. కొన ఆకులు దారంతో ముడుచుకుని, కింది ఆకుల మీద నల్లటి రెట్ట కనబడితే లోపల పిల్లపురుగు ఉన్నట్టే.

2. పొగాకు లద్దె పురుగు: గోధుమ రంగు ముందు రెక్కల మీద అడ్డదిడ్డంగా తెల్ల గీతలు. వెనక రెక్కలు తెలుపు. గుడ్ల గుంపు మీద గోధుమ నూగు కప్పి ఉంటుంది.

3. బొంత పురుగు: పొట్ట ఎర్రగా, దాని మీద నల్ల చుక్కలు. పిల్లలు గుంపుగా చేరి ఆకును జల్లెడ చేస్తాయి.

చూడగానే మందు డబ్బా పట్టుకోకండి. మన పట్టుపురుగు కూడా రెక్కల పురుగు పిల్లే కదా! వీటిని చంపే మందు ఆకులో మిగిలితే మన పంటనూ చంపుతుంది.

ముడుచుకున్న కొనలు, గుడ్లున్న ఆకులు తుంచి సబ్బు నీళ్ళలో ముంచండి. లీటరు నీటికి 5 గ్రాముల సబ్బు చాలు. దీపపు ఎర పెట్టండి. ట్రైకోగ్రామా కార్డులు కట్టిన తోటలో మందు కొట్టకండి. పురుగుకు కంచె అడ్డం కాదు గనుక పక్క తోటవాళ్ళనూ కలుపుకోండి.

ఏ పురుగో తేలకపోతే రెక్కలు కనబడేలా ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. కొమ్మ కత్తిరించి ఎన్ని రోజులైందో కూడా రాయండి.