నాన్నగారి మందుల పెట్టె

కోనసీమలో గాని, గోదావరికి పడమటి వైపున గాని, మన డెల్టా గ్రామములలోని పాతకాలపు ఇండ్లను చూచినవారికి ఒక సంగతి తెలియును. వీధి అరుగు మీద ఇంటి పెద్ద కూర్చొను చోటు ఒకటి నిర్ణయమై యుండును. ఆ పడక కుర్చీకి చేయి చాచినంత దూరములో గోడ గూడు. గూటిలో కళ్లజోడు, పంచాంగము, ఒక రేకు పెట్టె. పిల్లలు చిన్నవారై యున్నప్పుడు ఆ పెట్టెలో బడి జీతముల రసీదులు, శిస్తు రసీదులు ఉండెడివి. వారు పెద్దవారై ఉద్యోగములకు పోయిన తరువాత అదే పెట్టెలో మందులు చేరినవి.

జూన్ నెల మూడవ ఆదివారము తండ్రుల దినము. 1910లో అమెరికాలోని స్పోకేన్ పట్టణమున మొదలైన ఈ ఆచారము నేడు మన ఇండ్లకును వచ్చినది. ఆనాడు పిల్లలు తండ్రికి పంచెల చాపు కొనియిత్తురు; దూరమున నున్నవారు టెలిఫోనులో పలకరింతురు. మంచిదే. కాని తండ్రిని గౌరవించుటకు మరియొక మార్గమున్నది. ఆయన ప్రక్కన కూర్చొని, ఆ రేకు పెట్టె మూత తీసి, ఒక్కొక్క మందును గూర్చి ఆయనతో మాటాడుట. అందులో ఉండదగిన రెండు మందులను గూర్చి ఇప్పుడు చెప్పెదను. రెండింటికిని మన భీమవరముతో సంబంధమున్నది.

మొదటిది బోదకాలు మందు. ఈ వ్యాధి మన డెల్టాకు చిరకాలపు శత్రువు. మురుగు నీటిలో పెరుగు క్యూలెక్స్ దోమ దీనిని ఒకరినుండి మరొకరికి చేర్చును. దారపు పోగువంటి పురుగు మనుష్యుని శరీరములో ఆరు మొదలు ఎనిమిదేండ్లు బ్రతికి, లక్షలాది పిల్లలను రక్తములోనికి విడుచును. ఆ పిల్లపురుగులు పగలు దాగియుండి, రాత్రివేళ రక్తములో సంచరించును. అందుచేతనే రక్తపు బొట్టు తీసికొనుటకు ఆరోగ్య శాఖవారు రాత్రిపూట ఇంటింటికి తిరుగుట మనవారికి అలవాటైన దృశ్యము. 1955లో దేశవ్యాప్తముగా బోదవ్యాధి నియంత్రణ కార్యక్రమము ఆరంభమైనది. ఈ వ్యాధిని గూర్చిన శిక్షణకు, పరిశోధనకు ఏర్పడిన కేంద్రములలో ఒకటి రాజమహేంద్రవరమున నెలకొన్నది.

ఆ పిల్లపురుగులను చంపు డైఈథైల్‌కార్బమజైన్ అను మందు, మొదట హెట్రజాన్ అను పేరుతో, 1947లో వెలువడినది. దానిని కనుగొన్న లెడర్లీ ప్రయోగశాల పరిశోధనకు నాయకుడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1895 జనవరి 12న భీమవరమున జన్మించినారు. చదువుకొను వయస్సుననే తండ్రిని కోల్పోయినారు. ఇంటిలో దారిద్ర్యము. మదరాసులో ఆయన వైద్యవిద్య సాగుటకు చేయూతనిచ్చినవారిలో పిల్లనిచ్చిన మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ముఖ్యులు. 1922లో అమెరికా ప్రయాణమునకును ఆయనే ఆదుకొన్నారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి సాయము చేసినది. సుబ్బారావుగారు మరల స్వదేశమునకు రాలేదు. ఆయన అక్కడ నుండగా ఇక్కడ పుట్టిన కుమారుడు పసితనముననే మరణించినాడు. ఆ బిడ్డను ఆయన చూడనే లేదు. 1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయస్సున, న్యూయార్కులో కన్నుమూసినారు. కన్నబిడ్డను ఎత్తుకొను భాగ్యము లేకపోయిన ఆ తండ్రి, తన జిల్లా బిడ్డల కాళ్లను కాపాడు మందును లోకమునకిచ్చి పోయినారు.

ఈ మందును గూర్చి ఇటీవలి వార్త యొకటి గలదు. పూర్వము దీనిని ఒంటరిగాను, తరువాత ఆల్బెండజోల్‌తో కలిపియు ఇచ్చెడివారు. ఈ రెండింటికి ఐవర్‌మెక్టిన్ అను మూడవ మందును చేర్చినచో పిల్లపురుగులు మరింత పూర్తిగా నశించునని తేలగా, తగిన ప్రాంతములలో ఈ పద్ధతిని అవలంబింపవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో సూచించినది. 2018 నుండి మన దేశమున కొన్ని జిల్లాలలో దీనిని ప్రవేశపెట్టినారు. 2027 నాటికి వ్యాధిని తొలగింపవలెనని మన ప్రభుత్వ సంకల్పము. ఇది అసాధ్యము కాదు. ప్రజారోగ్య సమస్యగా బోదవ్యాధిని శ్రీలంక 2016లోను, బంగ్లాదేశ్ 2023లోను తొలగించినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంగీకరించినది.

అయితే మందు ఉన్నంత మాత్రమున చాలదు, కడుపులోనికి పోవలెను. చిక్కు ఇచ్చటనే ఉన్నది. కార్యకర్త బిళ్లలు తెచ్చినప్పుడు ఆరోగ్యముగా నున్న ఇంటి పెద్ద, “నాకేమి రోగము? అక్కడ పెట్టి పొండి” అని కిటికీ చూపించును. బిళ్లలు కిటికీలోనే ఉండిపోవును. కాలు వాచినవారికంటె, పైకి ఏ లక్షణమును లేనివారి రక్తముననే పిల్లపురుగులు తరచుగా కనిపించును. ఇవతల తాతగారిని కుట్టిన దోమ అవతల ఉయ్యాలలోని మనుమని కుట్టును. వాచిపోయిన కాలును ఈ బిళ్లలు తగ్గింపలేవు; ఆ కాలును ప్రతిదినము సబ్బుతో కడిగి, తడి లేకుండ తుడిచి, పుండ్లు పడకుండ కాపాడుకొనవలసినదే. మరి తండ్రి ఈ మందు మ్రింగుట ఎవరికొరకు? తనకొరకెంతయో అంతకు మించి, ఇంటిలోని బిడ్డలకొరకు. జీవితమంతయు తన నోరు కట్టుకొని బిడ్డల నోటికందించిన మనుష్యునికి ఈ మాట చెప్పి చూడుడు. కిటికీలోని బిళ్ల ఆయన చేతిలోనికి వచ్చును. చిన్నపిల్లలకు, గర్భవతులకు, తీవ్రమైన జబ్బుతో నున్నవారికి ఈ మందు ఇయ్యరు. తక్కినవారు భోజనము చేసి వేసికొనవలెను. కొందరికి కొద్దిపాటి జ్వరము, తలనొప్పి రావచ్చును. సాధారణముగా అది లోపలి పురుగులు చచ్చుటవలన కలుగునదే.

ఇక రెండవ మందు. దీనిని గూర్చి చెప్పుటకు నా తప్పు నొకదానిని ఒప్పుకొనవలెను. మా తండ్రిగారు డెల్టాలోని ఒక పల్లెటూరి బడిలో పంతులుగా పనిచేసి విరమించినారు. కీళ్లవాతము ముదరగా వైద్యులు మెతోట్రెక్సేట్ అను మందు వ్రాసినారు. కీళ్లవాతమునకు దానిని వారమునకు ఒక్కమారే వేసికొనవలెను. చీటీ మీద అట్లే ఉన్నది. కాని ఇంగ్లీషులో ఉన్నది. అంగడిలో ఇచ్చిన పొట్లము మీద ‘ఉదయము 1’ అని మాత్రమే వ్రాసినారు. ఆ పొట్లమును ఆయన చేతికిచ్చి, బస్సు వేళయినదని వెళ్లిపోయినవాడను నేనే. వ్రాసినదానిని తప్పక పాటించుట ఆయనకు పుట్టుకతో వచ్చిన గుణము. ప్రతి ఉదయము ఒకటి చొప్పున వేసికొన్నారు. నోరు పూసినది, అన్నము సహింపలేదు. పిల్లలకు తెలిసినచో కంగారుపడుదురని ఎవరికిని చెప్పలేదు. తెలిసి ఆసుపత్రికి చేర్చునప్పటికి వారము గడచినది. రక్తకణములు తగ్గిపోయినవని అక్కడివారు చెప్పినారు. పది దినములకు కోలుకొన్నారు. అందరును అట్లు కోలుకొనరు.

తరువాత తెలిసికొన్న సంగతి నన్ను మరింత ఆలోచింపజేసినది. 1947లో బోస్టనులో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరుతో బాధపడు పసివారికిచ్చిన అమినోప్టెరిన్ సుబ్బారావుగారి బృందము తయారుచేసినదే. దాని తోబుట్టువే మెతోట్రెక్సేట్. దాని బాధలు తగ్గించుటకు వైద్యులు జతగా వ్రాయు ఫోలిక్ ఆమ్లమును గూడ 1945లో ఆ బృందమే కృత్రిమముగా తయారుచేసినది. విషము వంటి బలము గల మందు, దానికి కాపుగా మరియొక మందు, రెండును ఒకే చోటినుండి వచ్చినవి. నడుమ లోపించినది ఒక్క మాట. ఆ మాట నేను చెప్పవలసినది.

మందుల ప్రపంచమునకు ఈ విషయము తెలియకపోలేదు. 2022లో సెప్టెంబరు 17న జరిగిన రోగి భద్రతా దినమునకు మందుల వాడకములో భద్రతనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ముఖ్యాంశముగా గైకొన్నది. మన దేశమున 2023 ఆగస్టు 1 నుండి తయారగు 300 రకముల పేరుపొందిన మందులపై క్యూఆర్ కోడ్ గాని బార్ కోడ్ గాని ముద్రింపవలెనని నియమము వచ్చినది. చేతిలోని ఫోనుతో దానిని చూచినచో మందు పేరు, తయారీదారు, తయారైన తేదీ, గడువు తేదీ తెలియును. కాని ఏ దినమున ఎన్ని వేసికొనవలెనో ఆ గుర్తు చెప్పదు. అది వైద్యుడు, ఫార్మసిస్టు, ఇంటివారు కలిసి చెప్పవలసినది.

కావున శ్రోతలకు నా మనవి ఇది. మీ తండ్రిగారి పెట్టె తెరచి, గడువు తీరినవానిని తీసివేయుడు. ప్రతి మందుపై అది దేనికో, ఎప్పుడో, ఎన్నియో పెద్ద అక్షరములతో తెలుగులో వ్రాయుడు. వారమునకొకమారు వేసికొనునది యున్నచో ఆ వారము పేరు వ్రాయుడు. ఇద్దరు ముగ్గురు వైద్యుల మందులు వాడుచున్నచో అన్నిటిని సంచిలో వేసికొనిపోయి ఒక్కరికి చూపించుడు. ముఖ్యముగా, “ఒంట్లో ఎట్లున్నది?” అని అడిగి ఊరకుండక, జవాబు వచ్చువరకు కూర్చొనుడు. తండ్రులు మొదటిమారు నిజము చెప్పరు.

మా ఇంటి రేకు పెట్టె మీద ఇప్పుడు ‘సోమవారము’ అని పెద్ద అక్షరములతో వ్రాసియున్నది. ఆ వ్రాత నాది కాదు. “నీ దస్తూరి బాగుండదురా” అని సుద్దముక్క పట్టిన చేతితో ఆయనే వ్రాసికొన్నారు.