సీసపు ఆప్రాన్ తొడుక్కున్న సిస్టర్‌గారు

కోనసీమలో కొబ్బరి దింపు కార్మికుడు చెట్టు మీంచి జారిపడ్డాడన్న కబురు ఎవరికీ కొత్త కాదు. చేయో కాలో విరిగితే కట్టు కట్టించుకుని నాలుగు నెలల్లో తిరిగి లేస్తాడు. కటి ఎముక చిట్లితే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. ఆ ఎముకను ఆనుకుని సాగే రక్తనాళాలు తెగి, పైకి ఒక్క చుక్క కనబడకుండానే పొత్తికడుపు లోతుల్లో లీటర్ల కొద్దీ రక్తం పేరుకుంటుంది. కడుపు కోసి ఆ నాళాన్ని వెతికి పట్టుకోవడం అనుభవం ఉన్న సర్జన్‌కు కూడా కష్టమే.

అలాంటి వేళ అక్కరకొచ్చేది ఇంటర్వెన్షనల్ రేడియాలజీ. గజ్జలోనో మణికట్టు దగ్గరో సూది గుచ్చి, ఆ దారిన సన్నటి గొట్టాన్ని లోపలికి పంపుతారు. ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ తెగిన నాళం దాకా వెళ్లి, అక్కడ ప్లాటినం తీగచుట్టనో జెల్ ముక్కలనో వదిలి రక్తాన్ని ఆపుతారు. డెల్టా రైతుకు ఈ పద్ధతి చెబితే ఇట్టే అర్థమవుతుంది. పిల్లకాలువకు గండి పడితే దాని తూము మూస్తారు గాని, ధవళేశ్వరం బ్యారేజి దగ్గర నీరంతా కట్టేయరు కదా.

ఈ వైద్యం ఒక్క ప్రమాదాలకే పరిమితం కాదు. కాన్పు తర్వాత రక్తం ఆగని బాలింతకు గర్భసంచి తీసేయకుండా ఇలాగే రక్తం ఆపవచ్చు. డయాలసిస్ కోసం చేతికి పెట్టిన ఫిస్టులా మూసుకుపోతే బెలూన్‌తో తెరుస్తారు. కాలేయంలో కేన్సర్ గడ్డకు నేరుగా దాని రక్తనాళంలోంచే మందు పంపుతారు. పక్షవాతం వచ్చిన మనిషిని వేళకు తీసుకొస్తే మెదడు నాళంలో అడ్డుపడ్డ గడ్డను బయటకు లాగేస్తారు. గుండెకు స్టెంట్ వేసే క్యాథ్‌ల్యాబ్ నడిపేది కార్డియాలజిస్టులే అయినా, సూది, తీగ, గొట్టం, ఎక్స్‌రే తెర అక్కడా ఇవే.

డిశ్చార్జి కాగితం మీద డాక్టరుగారి పేరు ఉంటుంది. రోగి గదిలోకి వచ్చింది మొదలు వార్డుకు చేరేదాకా ఒక్క క్షణం కూడా చూపు తిప్పని నర్సు పేరు అందులో కనబడదు. ఇంటికెళ్లాక ఆమెను తలుచుకునేవాళ్లూ తక్కువే. ఇది అన్యాయం. ఎందుకంటే ఈ వైద్యం తొలి అడుగులోనే ఒక నర్సు ఉంది.

1929లో జర్మనీలోని ఎబెర్స్‌వాల్డె అనే ఊళ్లో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే కుర్ర డాక్టరు చేతి నరంలోంచి గుండె దాకా గొట్టం పంపవచ్చని పట్టుబట్టాడు. పైవాళ్లు ఒప్పుకోలేదు. శుభ్రపరిచిన పరికరాలు గెర్డా డిట్జెన్ అనే నర్సు అధీనంలో ఉండేవి. ఆమె పరికరాలు ఇవ్వడానికి ఒప్పుకోవడమే కాదు, ఆ ప్రయోగం తన మీదే చేయమంది. ఫోర్స్‌మన్ ఆమెను బల్ల మీద పడుకోబెట్టి కాళ్లూ చేతులూ కట్టేసి, ఆమె మీద చేస్తున్నట్టు నటిస్తూ గొట్టాన్ని తన చేతిలోకే ఎక్కించుకున్నాడు. సంగతి తెలిశాక ఆమె అతని వెంట ఎక్స్‌రే గది దాకా నడిచింది. గొట్టం కొస గుండెలోకి చేరినట్టు ఫిల్ము మీద తేలింది. 1956లో ఫోర్స్‌మన్‌కు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ఫోర్స్‌మన్ ప్రయోగం తర్వాత, 1953లో స్వీడన్ డాక్టరు సెల్డింగర్ సూదిలోంచి తీగ, తీగ మీదుగా గొట్టం పంపే పద్ధతి కనిపెట్టాడు. 1964 జనవరి 16న అమెరికాలో చార్లెస్ డాటర్ కాలు కుళ్లిపోతున్న 82 ఏళ్ల వృద్ధురాలికి మూసుకుపోయిన నాళాన్ని కోత లేకుండా తెరిచాడు. కాలు తీసేయాల్సిన అవసరం తప్పింది. మన దగ్గర 1990ల్లో హైదరాబాద్ కార్డియాలజిస్టు సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి చవక స్టెంట్‌ను రూపొందించారు. దానికి కలాం-రాజు స్టెంట్ అని పేరొచ్చింది. 2007లో పేదలకు ఆరోగ్యశ్రీ పథకం వచ్చింది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూత స్టెంట్ ధరను 29,600 రూపాయలకు కట్టడి చేసింది. ఒకప్పుడు డబ్బున్నవాళ్లకే దక్కిన ఈ గది తలుపులు కూలివాడికీ తెరుచుకున్నాయి. ఆ మేరకు నర్సు మీద పనీ పెరిగింది.

అమలాపురంలో ఏరియా ఆసుపత్రి ఉంది, కిమ్స్ వైద్య కళాశాల ఉంది. అయినా పెద్ద కేసు అనగానే కాకినాడకో రాజమండ్రికో తీసుకుపోవడం కోనసీమలో ఏళ్ల నాటి అలవాటు. ఎదుర్లంక-యానాం వంతెన మీదుగా కాకినాడ, రావులపాలెం మీదుగా రాజమండ్రి, రెండూ అమలాపురానికి ఇంచుమించు 60 కిలోమీటర్లు. లంక గ్రామాలవాళ్లయితే ముందు పడవ దాటి రావాలి. అంత దూరం నుంచి కంగారుగా వచ్చిన రోగి దగ్గర పాత రిపోర్టులు ఉండవు, వెంట వచ్చినవాళ్లకు వాడే మందుల పేర్లు గుర్తుండవు. నర్సు పని అక్కడ మొదలవుతుంది.

రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారా? ఆఖరుసారి ఏం తిన్నారు, ఎప్పుడు? మూత్రపిండాల పరీక్షలో క్రియాటినిన్ ఎంత? ఆడవాళ్లయితే గర్భం ఉందేమో? నాళాలు తెర మీద కనబడటానికి ఎక్కించే డైలో అయోడిన్ ఉంటుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లకు అది భారం. అలాంటివాళ్లు షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే దాన్ని ఆపి, 48 గంటలయ్యాక మూత్రపిండాల పరీక్ష మళ్లీ చూసి గాని మొదలుపెట్టరు. రొయ్యల చెరువుల సీమ కాబట్టి ఇక్కడ మరో మాట చెప్పుకోవాలి. రొయ్యలు పడనివాళ్లకు ఈ డై కూడా పడదని చాలామంది భయపడతారు. రొయ్యలు పడకపోవడానికి కారణం వాటి కండలోని ఒక ప్రొటీన్, అయోడిన్ కాదు. అసలు అడగాల్సిన ప్రశ్న ఇదివరకెప్పుడైనా డై ఎక్కించినప్పుడు దద్దుర్లు, ఆయాసం వచ్చాయా అన్నది. తెలిసిన నర్సు ఆ ప్రశ్న తప్పకుండా అడుగుతుంది.

ఆపరేషన్ థియేటర్‌కూ ఈ గదికీ పెద్ద తేడా ఒకటుంది. ఇక్కడ చాలామంది రోగులు మెలకువగానే ఉంటారు. సూది గుచ్చే చోట మాత్రం మత్తిస్తారు, అవసరమైతే మిడజోలం, ఫెంటనిల్ లాంటివి కొద్దిగా ఇస్తారు. డాక్టరు చూపు తెర మీద ఉంటుంది, రోగి మొహం చూసేది నర్సే. ఆక్సిజన్ అంకె 98 నుంచి 90కి దిగినా, ఊపిరి మందగించినా, పెదవుల రంగు మారినా ముందు గమనించాల్సింది ఆమే. విరుగుడు మందులు ఆమె చేతికందే దూరంలో ఉండాలి. డై ఎక్కించే ముందు తల దగ్గరికి వంగి, “మామ్మగారూ, ఇప్పుడు ఒళ్లంతా వేడెక్కినట్టుంటుందండి, మూత్రం వచ్చేసినట్టు అనిపిస్తుందండి, ఏం కాదు, కదలకండి” అంటుంది. ఆ ఒక్క మాట ముందుగా చెప్పకపోతే మామ్మగారు హడలిపోయి కదులుతుంది. తెర మీద బొమ్మ చెదురుతుంది, డై మళ్లీ ఎక్కించాల్సి వస్తుంది.

సిరంజిలో సెలైన్ నింపుతున్న నర్సును కాసేపు చూస్తే ఈ పని ఎంత నిక్కచ్చిదో తెలుస్తుంది. సిరంజిని నిలువుగా పట్టుకుని వేలితో తడుతుంది, పైకి తేలిన బుడగను తోసేస్తుంది, వెలుగుకు ఎత్తి మళ్లీ చూస్తుంది. మెదడుకో గుండెకో వెళ్లే నాళంలోకి చిన్న గాలి బుడగ పోయినా ముప్పే.

ఇక రేడియేషన్. ఎక్స్‌రే నడుస్తున్నంతసేపూ రోగి ఒంటిని తాకిన కిరణాలు చెదిరి చుట్టూ ఉన్నవాళ్ల మీదా పడతాయి. అందుకే నాలుగైదు కిలోల సీసపు ఆప్రాన్, మెడకు థైరాయిడ్ కాలర్, కళ్లకు సీసపు అద్దాలు. ఆప్రాన్‌ను మడతపెట్టి పడేస్తే లోపల పగుళ్లు వస్తాయి, వాటిలోంచి కిరణాలు దూరతాయి. కాబట్టి కొయ్యకే తగిలించాలి. కిరణాలు వెలువడే చోటు నుంచి దూరం రెట్టింపయితే మోతాదు నాలుగో వంతుకు పడిపోతుంది. టెక్నీషియన్ అద్దం వెనక కూర్చోవచ్చు, నర్సు అలా కాదు. రోగికి మందు ఇవ్వాలంటే దగ్గరికి వెళ్లాల్సిందే. అందుకని అనుభవం ఉన్న సిస్టర్లు “ఒక్క క్షణం ఆపండి డాక్టరుగారూ” అని గట్టిగా చెప్పి మరీ ముందడుగు వేస్తారు. ఆ మాట అనే చనువు ప్రతి ఆసుపత్రిలోనూ నర్సుకు ఉండాలి.

ఆమె ఎంత రేడియేషన్‌కు గురైందో లెక్క చెప్పేది టి.ఎల్.డి. బ్యాడ్జి. ఆప్రాన్ లోపల ఛాతీ మీద పెట్టుకునే ఈ బ్యాడ్జిని మూడు నెలలకోసారి పరీక్షకు పంపుతారు. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు ఐదేళ్లలో 100 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. గర్భవతి అయిన ఉద్యోగి ఆ సంగతి చెప్పిన నాటి నుంచి, కాన్పయ్యేదాకా కడుపులోని బిడ్డకు అందే మోతాదు 1 మిల్లీసీవర్టుకు మించకూడదు. బ్యాడ్జి ఇవ్వకుండా, ఆప్రాన్ చాలకుండా నర్సును ఆ గదిలోకి పంపడం తప్పు. నిబంధన ప్రకారమూ తప్పే, మనిషితనం ప్రకారమూ తప్పే.

గొట్టం బయటికి తీశాకే నర్సుకు అసలు పరీక్ష. గజ్జలో సూది గుచ్చిన చోట పావుగంట, ఇరవై నిమిషాలు చేత్తో అదిమి పట్టాలి, ఆపైన నాలుగు నుంచి ఆరు గంటలు కాలు ముడవకుండా పడుకోబెట్టాలి. పని మొదలయ్యే ముందే ఆమె రోగి రెండు పాదాల మీదా నాడిని వేళ్లతో వెతికి, దొరికిన చోట పెన్నుతో ఇంటూ గుర్తు పెట్టి ఉంచుతుంది. ఇప్పుడు పదిహేను నిమిషాలకోసారి ఆ గుర్తు మీదే వేలుంచి చూస్తుంది. నాడి అందకపోయినా, పాదం చల్లబడినా నాళంలో గడ్డ చేరిందేమోనని వెంటనే డాక్టరును పిలుస్తుంది. కట్టు పొడిగానే ఉన్నా కొందరిలో రక్తం వెనక్కి, నడుము లోతుల్లోకి కారుతుంది. రోగి “నడుం లాగేస్తోందమ్మా” అంటాడు. పడుకుని పడుకుని వచ్చిన నొప్పిలే అనుకుంటే పొరపాటే. నాడి వేగం పెరిగి, బీపీ కొంచెం కొంచెంగా దిగుతుంటే అది లోపలి రక్తస్రావమని అనుమానించి పరుగెత్తాలి. ఎన్నో ప్రాణాలు నిలిచేది ఈ అనుమానం మీదే.

ఇన్ని తెలిసిన నర్సు ఎక్కడ తయారవుతోంది? జి.ఎన్.ఎం., బి.ఎస్సీ. నర్సింగ్ చదువుల్లో ఈ గది గురించి ఉండేది కొద్దిగానే. ఎక్కువమంది సీనియర్ సిస్టర్ల పక్కన నిలబడి నేర్చుకున్నవాళ్లే. అమెరికాలో రేడియాలజీ నర్సులు 1981లోనే సంఘం పెట్టుకుని, తర్వాత ప్రత్యేక ధ్రువపత్రం కూడా తెచ్చుకున్నారు. మన దేశంలో 2023లో నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. ఈ రంగానికి తగిన శిక్షణ, దానికి తగ్గ జీతం ఆ కమిషన్ పట్టించుకోవాల్సిన విషయాలు.

కోనసీమ నుంచి ఈ వైద్యానికి వెళ్లేవాళ్లు కొన్ని పనులు చేస్తే సిస్టర్ పని తేలికవుతుంది, రోగికి ముప్పు తగ్గుతుంది. వాడే మందుల పట్టీలన్నీ ఒక సంచిలో వేసుకెళ్లండి. పాత స్కానింగులు, క్రియాటినిన్ రిపోర్టు వెంట ఉంచుకోండి. సిస్టర్ అడిగిన ప్రశ్నకు మొహమాటపడకుండా ఉన్నదున్నట్టు చెప్పండి. కాలు కదపొద్దంటే కదపకండి. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు దారిలో గజ్జ ఉబ్బినా, రక్తం కారినా రోగిని పడుకోబెట్టి, ఆ చోట గట్టిగా అదిమి పట్టి 108కి ఫోన్ చేయండి. డాక్టరు చెప్పేదాకా బైకు నడపడం, బస్తాలు ఎత్తడం, చెట్టెక్కడం మానేయండి. ఆసుపత్రి నుంచి వచ్చే ముందు ఆ సిస్టర్‌గారి పేరు అడిగి తెలుసుకోండి.