నిద్రబిళ్ళలు: మానుకొనుటలోని మెలకువ

పల్లెలలో నిద్రబిళ్ళలను గూర్చి రెండు విధములగు మాటలు వినవచ్చుచున్నవి. "చిన్న బిళ్ళయే కదా, వేసికొనినచో హాయిగా నిద్రపట్టును" అనువారు కొందరు. "అది విషము, నేటితో పారవేయుడు" అనువారు మరికొందరు. మొదటి మాట నమ్మినవారు నెలల తరబడి బిళ్ళకు అలవాటుపడుచున్నారు. రెండవ మాట నమ్మినవారు ఒక్కసారిగా మానివేసి ఆసుపత్రి పాలగుచున్నారు. ఈ రెండింటికి నడుమగల సరియైన దారిని పంచాయతీ సభ్యుల యెదుట ఉంచదలచితిమి.

ఈ మందుల పుట్టుక

పూర్వము ఆందోళనకు, నిద్రలేమికి వైద్యులు బార్బిట్యురేటులను ఇచ్చుచుండిరి. మోతాదు మించినచో శ్వాస ఆగి ప్రాణము పోవు ప్రమాదము వానిలో హెచ్చు. అట్టి కాలమున అమెరికాలోని న్యూజెర్సీలో రోష్ సంస్థయందు పనిచేయుచున్న లియో స్టెర్న్‌బాక్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఒక కొత్త తరగతి మందును కనిపెట్టెను. అది 1960లో లిబ్రియమ్ అను పేరున విపణికి వచ్చినది. 1963లో వాలియమ్, అనగా డయాజెపామ్, వచ్చినది. అల్ప్రాజోలమ్, లోరాజెపామ్, నైట్రాజెపామ్ మొదలగునవి వీని సంతతియే. పాతవానికంటె క్షేమకరములగుటచే వీనికి లోకమంతట మంచిపేరు వచ్చినది.

అయితే హెచ్చరిక ఆదిలోనే వినవచ్చినది. పెద్ద మోతాదులో నెలల తరబడి లిబ్రియమ్ వాడిన 11 మంది రోగులకు ఆ మందును హఠాత్తుగా ఆపి చూచిన ఫలితములను 1961లో హాలిస్టర్ అను అమెరికా వైద్యుడును ఆయన సహచరులును ప్రకటించిరి. 10 మందికి కొత్త బాధలు కలిగెను. ఇద్దరికి మూర్ఛలు వచ్చెను. ఈ సంగతి చాలకాలము మరుగున పడినది. 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, అలవాటుపడుట, హఠాత్తుగా మానుట అను రెండింటి ప్రమాదమును ఈ మందులన్నిటిపై ప్రముఖముగా ముద్రింపవలెనని ఆదేశించినది.

మానినచో బాధ ఎందుకు?

మన మెదడులో అలజడిని అణచు ఒక సహజ పదార్థము కలదు. దానిని గాబా అందురు. ఈ బిళ్ళలు దాని శక్తిని హెచ్చించును. దినదినము కొన్ని వారములు వాడినచో మెదడు ఆ ఒత్తిడికి ఎదురు నిలుచుట నేర్చుకొనును. ఒక తలుపును ఇరువైపులనుండి ఇద్దరు నెట్టుచుండగా, ఒకడు చటుక్కున తొలగినచో రెండవవాడు బోర్లపడును. బిళ్ళను ఒక్కసారిగా మానినపుడు మెదడు గతియు ఇట్టిదే. నిద్ర పోవుట, చేతులు వణకుట, చెమటలు, గుండెదడ, వెలుగును చప్పుడును ఓర్వలేకుండుట కలుగును. కొందరికి మూర్ఛలు, మతిభ్రమణము సంభవించును; ప్రాణాపాయమును కలదు. అల్ప్రాజోలమ్ దేహమునుండి త్వరగా పోవును గనుక బాధ ఒకటి రెండు దినములలోనే మొదలు కావచ్చును. డయాజెపామ్ మెల్లగా పోవును గనుక బాధ ఆలస్యముగా వచ్చును. ఈ బాధలను చూచి "పాత జబ్బే తిరిగివచ్చినది" అని తలచి మరల బిళ్ళ వేసికొనువారు అనేకులు.

మానుకొను విధము

ఇంగ్లండులోని న్యూకాసిల్ నగరమున హెదర్ ఆష్టన్ అను వైద్యురాలు 1982 నుండి 1994 వరకు ఈ మందులు మానదలచినవారికై ఒక వైద్యశాలను నడపెను. తొందరపడక రోగి ఓర్పును బట్టి తగ్గింపవలెనని ఆమె బోధించెను. నేటి వైద్యులును మోతాదులో నూటికి 5 నుండి 10 వంతులు తగ్గించి, కొన్ని వారములు వేచి, మరల తగ్గింతురు. బాధ హెచ్చినచో అచ్చటనే కొంతకాలము నిలుపుదురు. చివరి భాగమే కష్టమైనది. అచ్చట మరింత మెల్లగా నడువవలెను. ఏండ్ల తరబడి వాడినవారికి నెలలు, ఒక్కొక్కప్పుడు ఏడాదికి మించియు పట్టవచ్చును. ఈ లెక్క వైద్యుడు వేయవలసినదేగాని ఇంటివారు వేయవలసినది కాదు. మూర్ఛవ్యాధికై ఇట్టి మందు వాడువారు సొంతముగా ఎన్నడును ఆపరాదు.

మందు కలిసిన కల్లు

బిళ్ళను ఎరుగనివారు సయితము ఈ మందునకు బానిసలు కావచ్చును. తెలంగాణలోని కొన్ని జిల్లాలలో కల్లునందు అల్ప్రాజోలమ్, డయాజెపామ్ కలుపుట పలుమార్లు బయటపడినది. త్రాగువాడు కల్లే త్రాగితిననుకొనును. దేహము మందునకు అలవాటుపడును. 2015లో కల్తీపై నిఘా బిగిసినపుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ ప్రాంతములలో అనేకులు వింతగా ప్రవర్తించుచు, మూర్ఛలతో ఆసుపత్రులలో చేరిరి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వలన దుకాణములు మూతపడినపుడును, హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయమునకు ఇట్టివారు వరుసగా వచ్చిరి. కల్తీని అరికట్టుట న్యాయమే. కాని అరికట్టిన మరునాడు రోగులను చూచు ఏర్పాటు లేనిచో ఆ మంచిపనియే ఇండ్లలో ఆపద తెచ్చును.

పంచాయతీ చేయదగిన పనులు

కల్తీ కల్లు దుకాణము మూయించు నాటికి ముందే ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికి తెలుపవలెను. ఆశా కార్యకర్తల ద్వారా నిత్యము త్రాగువారి ఇండ్లను గుర్తింపవలెను. వణకు, మతి తప్పుట, మూర్ఛ కనిపించినచో తడయక 108 వాహనమును పిలువవలెను. అట్టివానిని కట్టివేయుట, కొట్టుట, దయ్యము పట్టినదని భూతవైద్యుని యొద్దకు గొనిపోవుట కూడదు. అది దేహబాధయేగాని దుర్మార్గము కాదు.

అల్ప్రాజోలమ్, డయాజెపామ్, నైట్రాజెపామ్ మొదలగువానిని 2014 మార్చి నుండి హెచ్1 పట్టికలో చేర్చిరి. వైద్యుని చీటీ లేక వీనిని అమ్మరాదు; అమ్మినపుడు రోగి పేరు, వైద్యుని పేరు, పరిమాణము ప్రత్యేక పుస్తకమున వ్రాసి మూడేండ్లు భద్రపరుపవలెను. గ్రామములోని మందుల దుకాణదారునకు ఈ నిబంధనను గ్రామసభలో గుర్తుచేయుట మంచిది. ఈ బిళ్ళలు వాడు వృద్ధులు తూలి పడి ఎముకలు విరుగగొట్టుకొను భయము కలదు. బిళ్ళతో కల్లు, సారా కలిసినచో శ్వాసయే ఆగవచ్చును. ఈ రెండు మాటలు ప్రతి ఇంటికి తెలియవలెను. మనోవేదన, నిద్రలేమి గలవారు టెలి మానస్ సంఖ్య 14416కు ఫోనుచేసి ఉచితముగా సలహా పొందవచ్చును.

ఈ మందు వైద్యుని చేతిలో, కొద్దికాలమునకు, మేలు చేయునదే. దానిని మొదలుపెట్టు దినముననే ఎప్పుడు, ఎట్లు మానవలెనో వైద్యుని అడుగుట ప్రతి రోగికిని అలవాటు కావలెను. ఇదివరకే అలవాటుపడినవారికి మనము చెప్పవలసినది ఒక్కటే: సిగ్గుపడకుడు, తొందరపడకుడు, ఒంటరిగా మానకుడు. ఈ మాట ముందుగా గ్రామ పెద్దల నోటినుండి వెలువడినచో అనేక కుటుంబములకు ఆపద తప్పును.